మోటుపల్లి ఓడలు, ముప్పై చింతపిక్కలు: ఏడో తరగతికి ఆటలతో చరిత్ర చెప్పిన నా అనుభవం

నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. 2024 జూలై 8వ తేదీ, సోమవారం మూడో పీరియడ్‌లో, ఏడో తరగతి పిల్లల ముందు బల్ల మీద ఆరు సెల్‌ఫోన్లు పరిచి నిలబడ్డాను. వాటిలో ఒకటి నాది, ఒకటి మా ఇంట్లో పక్కన పడేసిన పాత ఫోను, మిగతా నాలుగూ తోటి ఉపాధ్యాయులను బతిమాలి తెచ్చినవి. ఫోన్లలో ఆడే ఒక క్విజ్ యాప్‌ను శిక్షణ తరగతుల్లో చూసి ముచ్చటపడి, పిల్లలు ఆరో తరగతిలో చదివిన సింధు నాగరికత, మౌర్యుల పాఠాల మీద పది ప్రశ్నలు తయారు చేసుకొని వచ్చాను. ఆ పది ప్రశ్నలకు ముందు రోజు రాత్రి రెండున్నర గంటలు పట్టింది. 45 నిమిషాల పీరియడ్‌లో ఆరు ఫోన్లూ ఆటలో చేరడానికే 17 నిమిషాలు గడిచిపోయాయి. మూడో ప్రశ్న మధ్యలో లెక్కల మేడమ్ ఫోనుకు వాళ్ళింటి నుంచి కాల్ వస్తే, ఫోను పట్టుకున్న పిల్లవాడు ఎంతో మర్యాదగా ఎత్తి, "మేడం ఇక్కడ లేరండి, మేము అశోకుని దగ్గర ఉన్నం" అని చెప్పాడు. నాలుగో ప్రశ్న దగ్గర సిగ్నల్ పోయింది, గంట కొట్టేదాకా మళ్ళీ రాలేదు.

పిల్లలు మాత్రం కేరింతలు కొట్టారు. వాళ్ళ సంతోషం చూసి నేను కూడా గెలిచాననే అనుకున్నాను. ఇంటికి వెళ్ళాక తీరిగ్గా తలచుకుంటే, ఫోనుకు ఆరేడుగురు చొప్పున గుమిగూడిన ఆ గుంపుల్లో ఫోను ఎప్పుడూ చొరవగల మగపిల్లల చేతుల్లోనే ఉందనీ, వెనక నిలబడ్డ ఆడపిల్లల్లో కొందరు తెర మొహం కూడా చూడలేదనీ గుర్తుకొచ్చింది. పైగా ఆ యాప్ ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ మార్కులిస్తుంది కాబట్టి, ప్రశ్న పూర్తిగా చదివేదాకా ఆగిన పిల్లలే వెనకబడ్డారు.

రెండు వారాలు వెతికాక ప్లికర్స్ అనే పద్ధతి కంటబడింది. ఇందులో పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు. ప్రతి ఒక్కరికీ ఒక్కో నలుపు తెలుపు గడుల కార్డు ఇస్తాము. దాని నాలుగు అంచుల మీద ఎ, బి, సి, డి అని చిన్నగా రాసి ఉంటుంది. జవాబు అక్షరం పైకి వచ్చేలా కార్డును తిప్పి పట్టుకుంటే, టీచరు తన ఒక్క ఫోను కెమెరాతో తరగతినంతా ఒకసారి చుట్టి చూస్తే చాలు, ఎవరు ఏం చెప్పారో నమోదవుతుంది. జూలై 20, శనివారం సాయంత్రం నల్లగొండ వెళ్ళి 38 కార్డులకు 19 కాగితాలు ప్రింటు తీయించాను. కాగితానికి 3 రూపాయల చొప్పున 57 రూపాయలయ్యాయి. పిల్లల చేతుల్లో నలుగుతాయేమోనని, కార్డుకు 15 రూపాయల చొప్పున 570 రూపాయలు పోసి తళతళలాడేలా లామినేషన్ కూడా చేయించాను. ఆ తళతళే కొంప ముంచింది. జూలై 24న తరగతిలో ఫోను ఎత్తి చూస్తే, కిటికీల వైపు కూర్చున్న పద్నాలుగు మంది కార్డుల మీద వెలుతురు పడి మెరుస్తోంది, కెమెరా వాటిలో ఒక్కదాన్నీ గుర్తించలేదు. మెరిసే లామినేషన్ చేయించవద్దని ఆ కార్డుల తయారీదారులే రాసి ఉంచిన సంగతి ఆ రాత్రి చదివాను. చివరికి మళ్ళీ 57 రూపాయలతో మామూలు కాగితం మీద ప్రింటు తీయించి, పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చిన పాత పెళ్ళి శుభలేఖల వెనక అతికించాము. జూలై 29 నుంచి ఆ కార్డులే, ఈ రోజుకీ చెక్కుచెదరలేదు. ఈ పద్ధతి మొదలుపెట్టే వారికి ఇంకొక మాట: పిల్లలు కార్డు మధ్యలో వేళ్ళు పెట్టి పట్టుకుంటే కెమెరా చదవలేదు, అంచులు పట్టుకోవడం నేర్పించడానికే ఒక పీరియడ్ పోతుంది.

ఆగస్టు నెలంతా నాకు పండుగలాగే గడిచింది. బుధవారం క్విజ్ అంటే ఆ రోజు హాజరు తగ్గేది కాదు. కరెంటు పోయి డిజిటల్ బోర్డు ఆరిపోయినా, ప్రశ్న పైకి చదివి కార్డులు ఎత్తించేదాన్ని. ఫోనులో ఆకుపచ్చ గీతలు వరసగా వెలుగుతుంటే, పదకొండేళ్ళ సర్వీసులో మొదటిసారి, నేను చెప్పినది ఎవరికి చేరిందో అప్పటికప్పుడే కళ్ళకు కనబడుతోందని పొంగిపోయాను. ఆగస్టు 28న పది ప్రశ్నల క్విజ్‌లో తరగతి సగటు ఎనిమిది దాటింది. స్టాఫ్ రూములో ఆ ఫలితాన్ని అందరికీ చూపించుకున్నాను కూడా.

సెప్టెంబరు 11న, ఎవరికీ చెప్పకుండా, అవే పది ప్రశ్నలను కింద జవాబుల ఎంపికలు లేకుండా తెల్ల కాగితం మీద ఇచ్చాను. సగటు నాలుగుకు కూడా చేరలేదు. నలుగురే ఆరు దాటారు. "అశోకుడు తన మాటలను రాళ్ళ మీద ఎందుకు చెక్కించాడు?" అని చివర నేను కలిపిన పదకొండో ప్రశ్న దగ్గర ఇరవై ఆరు కాగితాలు ఖాళీగా ఉన్నాయి. ఆ రాత్రి అన్నం సహించలేదంటే అతిశయోక్తి కాదు. అయితే అసలు దెబ్బ మర్నాడు తగిలింది. చదవడం ఇంకా కూడబలుక్కునే ఒక పిల్లవాడు ఆగస్టు క్విజ్‌లో పదికి తొమ్మిది తెచ్చుకున్నాడు, తెల్ల కాగితం మీద మాత్రం పేరు తప్ప ఏమీ రాయలేదు. మధ్యాహ్న భోజనం తరవాత వాణ్ణి పక్కకు పిలిచి, కోప్పడనని మాటిచ్చి అడిగాను. వాడు కాసేపు నేల చూసి, "సి ఎక్కువొస్తది మేడం. సి కాకుంటే, పొడుగున్నది" అన్నాడు.

అప్పటిదాకా నేను వేసిన 60 ప్రశ్నలను ముందేసుకొని లెక్కపెట్టాను. 27 ప్రశ్నలకు సరైన జవాబు సి. డి కేవలం ఆరింటికి. సరైన జవాబును తప్పుల్లేకుండా పూర్తిగా రాయాలన్న నా జాగ్రత్త వల్ల, దాదాపు ప్రతిసారీ అదే అన్నిటికన్నా పొడుగ్గా ఉంది. ఆ పిల్లవాడు మౌర్యులను చదవలేదు గాని నన్ను మాత్రం క్షుణ్ణంగా చదివాడు. తరగతిలో అందరికన్నా పరిశీలన ఉన్నవాడు వాడేనేమోనని నాకిప్పటికీ అనిపిస్తుంది.

దసరా సెలవుల్లో, అక్టోబరు 2 నుంచి 14 దాకా, అత్తగారింట్లో ఉన్నప్పుడు నవంబరులో రాబోయే కాకతీయుల పాఠం గురించి ఆలోచించాను. ఆ పాఠంలో ఆంధ్ర తీరంలోని మోటుపల్లి రేవు మాట వస్తుంది. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనాన్ని బి.ఇడి.లో ఒక్క మార్కు ప్రశ్నగా బట్టీ పట్టానే గాని, అందులో ఏముందో ఎన్నడూ చదవలేదు. శాసనాల పాఠాలను అచ్చువేసే 'ఎపిగ్రాఫియా ఇండికా' 12వ సంపుటాన్ని ఫోనులోకి దించుకొని చదివితే ఆశ్చర్యం వేసింది. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడలు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, వాటిలోని బంగారాన్నీ, ఏనుగులనూ, గుర్రాలనూ, రత్నాలనూ వెనకటి రాజులు బలవంతంగా లాగేసుకునేవారట. తాము మాత్రం కీర్తి కోసం, ధర్మం కోసం, ప్రాణం కన్నా ధనమే గొప్పదని సముద్రానికి తెగించిన వారి మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామని ఆ శాసనం చెబుతుంది. ఆ సుంకం ముప్పైకి ఒకటి. చదువుతుండగానే ఇది పాఠం కాదు, ఆట అనిపించింది. పెరట్లో మా అత్తగారు చింతపండు కొట్టి పిక్కలు కుప్పపోస్తున్నారు. "ఇవి నాకు కావాలి అత్తయ్యా" అంటే, టీచరు ఉద్యోగం చేసే కోడలికి ఏమైందోనన్నట్టు చూసి, సంచి నిండా ఇచ్చారు.

ఆట ఇలా కుదిరింది. 38 మందిలో ఐదుగురు చొప్పున ఆరు వర్తక బిడారులు, సుంకం వసూలు చేసే సుంకరులు నలుగురు, నలుగురు రాజు కొలువు. ఒక ఓడ సరుకుకు ముప్పై చింతపిక్కలు. ప్రతి బిడారు దగ్గరా మొదట మూడు ఓడల సరుకు, అంటే తొంభై పిక్కలు ఉంటాయి. ఓడ క్షేమంగా చేరితే పది పిక్కల లాభం. తుఫాను వస్తుందా రాదా అన్నది గవ్వలు చెబుతాయి. నల్లగొండలో పూజా సామగ్రి అమ్మే దుకాణంలో 24 గవ్వలు 120 రూపాయలకు కొన్నాను. అష్టా చెమ్మా ఆడని పిల్లలు మా ఊళ్ళో లేరు కాబట్టి, నాలుగు గవ్వలూ బోర్లాపడి అష్టా వస్తే తుఫాను అని నిబంధన పెట్టాను.

ఎస్‌ఏ-1 (అర్ధ సంవత్సర) పరీక్షలూ దీపావళీ అయ్యాక, నవంబరు 4, సోమవారం ఆడించాను, ఆట చప్పగా ముగిసింది. ఇరవై నాలుగుసార్లు గవ్వలు వేస్తే ఒకే ఒక్క ఓడ మునిగింది. తుఫానే లేని సముద్రంలో అభయ శాసనం ఎవరికి కావాలి? స్టాఫ్ రూములో మొర పెట్టుకుంటే లెక్కల మేడమ్ నవ్వి, చాక్‌పీసుతో బల్ల మీదే లెక్కవేసి చూపించింది. నాలుగు గవ్వలు పడే తీరులు పదహారైతే అష్టా అందులో ఒక్కటే. ఒక్క గవ్వే వెల్లకిలా పడి ఒకటి వచ్చే తీరులు నాలుగు. అష్టా అయినా ఒకటి అయినా తుఫానే అంటే పదహారింట ఐదు అవుతుంది. గవ్వ నాణెం లాంటిది కాదు కనుక లెక్క కొంత అటూ ఇటూ కావచ్చునని ఆమె హెచ్చరించింది గాని, ఆటకు అది చాలు.

నవంబరు 6న, మొదట వెనకటి రాజుల పద్ధతిలో ఆడించాను. చేరిన ఓడ ముప్పైకి ఒకటి కట్టాలి. మునిగిన ఓడ సరుకంతా రాజుదే. మొదటి ప్రయాణంలో ఆరు ఓడలు బయలుదేరి రెండు మునిగాయి. సుంకరులు ఈలలు వేస్తూ అరవై పిక్కలు ఊడ్చుకెళ్ళారు. రెండో ప్రయాణానికి ఐదు ఓడలే వచ్చాయి, మళ్ళీ రెండు పోయాయి. మూడోసారి మూడు ఓడలు, ఒకటి మునిగింది. నాలుగోసారి ఒక్క బిడారు మాత్రమే ధైర్యం చేసింది. ఐదోసారి నేను ఎంత ప్రోత్సహించినా ఒక్కరూ కదలలేదు. "మేము వేరే రేవుకు పోతం మేడం" అని ఒక అమ్మాయి తన పిక్కలను కొంగున, అంటే చున్నీ అంచున, మూటగట్టుకుంది. ఖజానాలో 160 పిక్కలున్నాయి. తరవాత గణపతిదేవుని పద్ధతిలో ఐదు ప్రయాణాలు ఆడాము. మునిగినా తేలినా ముప్పైకి ఒకటే కాబట్టి ప్రతిసారీ ఆరు ఓడలూ వచ్చాయి. రాజుకు చేరింది ముప్పై పిక్కలు.

నేను నల్లబల్ల మీద ఒక పక్కన 160, ఒక పక్కన 30 వేసి వెనక్కి తిరిగేసరికి, కొలువులో కూర్చున్న ఒక పిల్లవాడు లేచి, "అయితే మేడం, దోచుకుంటెనే రాజుకు లాభం గద!" అన్నాడు. తరగతి గొల్లుమంది. నా దగ్గర జవాబు లేదు. గణపతిదేవుడు వర్తకాన్ని ప్రోత్సహించి రాజ్యాన్ని సంపన్నం చేశాడని నేను చెప్పబోయే వాక్యాన్ని, నేను తయారు చేసిన ఆటే అందరి ముందూ కొట్టిపారేసింది. గంట కొట్టడం వల్ల బతికాను.

ఆ రాత్రి నేను చేసిన పని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ముప్పై పిక్కల లాభం కూడబెట్టిన బిడారు రెండో ఓడ కొనుక్కోవచ్చునని ఒక కొత్త నిబంధన చేర్చాను. దానితో ఓడలు పెరుగుతాయి, రాజు వాటా పెరుగుతుంది, నా వాక్యం నిలబడుతుంది. మర్నాడు నవంబరు 7న ఆడిస్తే లెక్క నేననుకున్నట్టే నడవసాగింది. కానీ మూడో ప్రయాణం కాకముందే, చున్నీకి పిక్కలు మూటగట్టుకున్న ఆ అమ్మాయి, "నిన్న ఈ రూలు లేదు గదా మేడం, రాజు గెలవాలని పెట్టిండ్రా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అవునని ఒప్పుకున్నాను. మోటుపల్లి వర్తకులు రెండో ఓడ కొన్నారని శాసనంలో లేదు, అది నా ఊహ అని చెప్పి, ఆ నిబంధనను అక్కడే కొట్టేసి, పిక్కలు పక్కన పెట్టించాను. మరి ఆ రాజు ఎందుకు అలా చేశాడో మీరే చెప్పండని కూర్చున్నాను.

ఆ తరవాతి ముప్పై నిమిషాలే ఈ ఏడాది మొత్తంలో నేను దాచుకున్న పీరియడ్. దోచుకునే పద్ధతిలో ఐదోసారికి ఓడలే రావు కాబట్టి ఖజానా 160 దగ్గరే ఆగిపోతుందని మొదట ఒకరు గమనించారు. ప్రయాణానికి ఆరు చొప్పున 160 దాటాలంటే 27 ప్రయాణాలు కావాలని మరొకరు భాగించి చెప్పారు. ఏడాదికి ఒక ప్రయాణం అనుకుంటే 27 ఏళ్ళు. "రాజు అన్నేండ్లు ఉంటడా?" అని ప్రశ్న వచ్చింది. ఎవరూ చెప్పకుండానే పుస్తకాలు తెరుచుకున్నాయి. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. "అరవై మూడేండ్లు! అయితే సరిపోతది" అని ఒకరంటే, "శాసనం 1244ల ఏసిండు, అప్పటికే నలభై ఐదేండ్లయినయి, మిగిలింది పద్దెనిమిదే" అని వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది. పద్దెనిమిదేళ్ళకు 108 పిక్కలే. "మిగతా తొమ్మిదేండ్లు రుద్రమ ఖాతాల రాయాలె" అన్నది ఇంకొక గొంతు. రుద్రమదేవి 1262లో గద్దెనెక్కిన సంగతి ఆగస్టులోనైతే నేను సి ఎంపికగా పెట్టి ఉండేదాన్ని. ఆ రోజు అది ఒక లెక్కలో మిగిలిన అప్పు తీర్చడానికి వాళ్ళే తవ్వి తెచ్చుకున్న అంకె.

అంతలో కొలువులోని పిల్లవాడికి మరో ఆలోచన వచ్చింది. ముందు నాలుగుసార్లు దోచుకొని, ఆ తరవాత శాసనం వేస్తే రెండు లాభాలూ దక్కుతాయి కదా అన్నాడు. వర్తకుల వైపు నుంచి ఒక్కసారిగా "మేము నమ్మం!" అని కేక లేచింది. నమ్మించడానికి ఏం చేస్తావని వాణ్ణే అడిగాను. ఒట్టు వేస్తానన్నాడు, ఒప్పుకోలేదు. కాగితం మీద రాసిస్తానన్నాడు, చింపేస్తావన్నారు. కాసేపటికి, ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల నెమ్మదిగా, "అందుకే రాయి మీద చెక్కిచ్చిండేమో" అన్నది. సెప్టెంబరులో ఇరవై ఆరుగురు ఖాళీగా వదిలేసిన పదకొండో ప్రశ్న నాకు గుర్తుకొచ్చింది. నేను మాత్రం ఆ మాట పైకి అనలేదు.

మర్నాడు శాసనం సారాంశాన్ని తేలిక తెలుగులో ఒక పేజీ రాసి, 38 ప్రతులు జిరాక్స్ తీయించి పంచాను. 76 రూపాయలు. దాన్ని చదివాక తరగతి రెండుగా చీలింది. రాజు కీర్తి, ధర్మం, దయ అంటున్నాడే తప్ప లాభం మాటే ఎత్తలేదు కనుక మన లెక్కంతా తప్పని కొందరు, లాభం కోసమని ఏ రాజైనా రాయిస్తాడా అని కొందరు వాదించుకున్నారు. నేను ఏ పక్కా చేరలేదు. చేరకుండా ఉండటం ఎంత కష్టమో, నోటి దాకా వచ్చిన ఉపన్యాసాన్ని మింగిన టీచర్లకే తెలుస్తుంది.

శాసనాల మీద ఆ ఆసక్తి ఉండగానే, నవంబరు 23, నాలుగో శనివారం, బ్యాగులు లేని రోజున చందుపట్లలో ఉన్న కాకతీయుల నాటి శాసనం చూడడానికి వెళ్ళాము. నకిరేకల్ మండలంలోని ఆ ఊరు మా బడికి గంట ప్రయాణం కూడా కాదు. అయినా అనుమతికి, తల్లిదండ్రుల సంతకాలకు పదకొండు రోజులు పట్టింది. నలుగురి ఇళ్ళలో ఒప్పుకోలేదు. 34 మంది పిల్లలకూ ఇద్దరు టీచర్లకూ మూడు తుఫాన్ బండ్లు మాట్లాడితే, బండికి 1,200 చొప్పున 3,600 రూపాయలయ్యాయి. మోటుపల్లి ఆట ఆడి ఉన్న పిల్లలకు బండి పేరే పెద్ద వినోదం అయింది, మునుగుతామా తేలుతామా అని దారి పొడుగునా గవ్వలు వేసుకుంటూ వచ్చారు.

చందుపట్ల శాసనం శక సంవత్సరం 1211 నాటిది. శక సంవత్సరానికి 78 కలపాలని ముందే చెప్పి ఉంచాను కాబట్టి, బండి దిగకముందే 1289 అని అరిచారు. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ శివలోక ప్రాప్తి కలగాలని పువ్వుల ముమ్మడి అనే ఆయన భూమిని దానం చేసిన సంగతి ఆ రాతి మీద ఉంది. అంటే 1289 నవంబరు నాటికి ఆమె లేదన్నమాట. ఈ రాయి వెలుగులోకి రాకముందు రాసిన చరిత్ర పుస్తకాల్లో ఆమె పాలన మరో ఆరేడేళ్ళు సాగినట్టు ఉండేదని చెబితే, ఒక పిల్లవాడు నా వైపు అనుమానంగా చూసి, "అయితే అప్పటి పరీక్షల 1295 రాసినోళ్ళకు మార్కులేసిండ్రా?" అని అడిగాడు. వేసి ఉంటారని చెప్పాను. తిరుగుబాటు చేసిన కాయస్థ సామంతుడు అంబదేవునితో యుద్ధంలో ఆమె చనిపోయిందని నేను తరగతిలో చెప్పిన మాట గుర్తుపెట్టుకొని, ఆ ముక్క ఎక్కడుందో చూపించమని ఇద్దరు అమ్మాయిలు పట్టుబట్టారు. యుద్ధం మాట గాని, అంబదేవుని పేరు గాని ఆ శాసనంలో లేవనీ, అది చరిత్రకారులు ఇతర ఆధారాలతో కలిపి చేసిన ఊహ అనీ ఒప్పుకోవలసి వచ్చింది. రెండు వారాల్లో ఇది నా రెండో ఒప్పుకోలు.

డిసెంబరులో కార్డుల క్విజ్ మళ్ళీ మొదలుపెట్టాను గాని, పద్ధతి మార్చాను. జవాబుల వరసను గవ్వలు వేసి నిర్ణయిస్తున్నాను. తప్పు ఎంపికలను నేను కల్పించకుండా, పిల్లలు నోటు పుస్తకాల్లో నిజంగా రాసిన తప్పుల నుంచి తీసుకుంటున్నాను. అన్నిటికన్నా ముఖ్యంగా, మొదటిసారి కార్డులు ఎత్తాక జవాబు చెప్పను. పక్కవారితో మూడు నిమిషాలు వాదించుకోనిచ్చి, రెండోసారి ఎత్తిస్తాను. మార్కు రెండోసారికే. "రుద్రమదేవి గణపతిదేవునికి ఏమవుతుంది?" అన్న సులువైన ప్రశ్ననే, మార్కో పోలో తన యాత్రా కథనంలో ముత్ఫిలి (అంటే మోటుపల్లి) రాణిని చనిపోయిన రాజుగారి భార్యగా చెప్పాడనీ, శాసనాలు కూతురని చెబుతున్నాయనీ ఇచ్చి, ఎవరిని నమ్మాలి, ఎందుకు అని అడిగాను. మొదటిసారి ఇరవై రెండు కార్డులు మార్కో పోలో వైపు లేచాయి, ఆయన స్వయంగా వచ్చి చూశాడు కదా అని. వాదన తరవాత తొమ్మిదే మిగిలాయి. ఆ తొమ్మిది మందినీ ఒప్పించడానికి మిగతావాళ్ళు ఇంటర్వెల్ కూడా వదులుకున్నారు. ఇలా అయితే పీరియడ్‌కు మూడు ప్రశ్నలకు మించి జరగవు. ఆగస్టులో పది జరిగేవి.

అసలు ఖర్చు ఈ సమయమే. కాకతీయుల పాఠానికి నా ప్రణాళికలో ఐదు పీరియడ్లు రాసుకుంటే పదమూడు పట్టాయి. హెచ్చెమ్ మేడమ్ పాఠ్య ప్రణాళిక రిజిస్టరు చూసి, కోప్పడలేదు గాని, ఎర్ర సిరాతో ఒక గీత గీసి, "మరి మిగతా పాఠాలు?" అని మాత్రం అడిగారు. ఆమె అడిగినదాంట్లో అన్యాయం లేదు. సంక్రాంతి సెలవుల తరవాత రెండు పాఠాలను పరుగులు పెట్టించాను, అందులో ఒకదాన్ని దాదాపు చదివి వినిపించి వదిలేశాను. ఆ పాఠం మీద పిల్లల కాగితాలు దిద్దుతుంటే ఆ పరుగు స్పష్టంగా కనిపించింది. డబ్బు లెక్క తేలికైనది: మొదటి కార్డులూ లామినేషనూ 627, రెండోసారి ప్రింట్లు 57, జిగురు 50, గవ్వలు 120, జిరాక్స్ 76, బండ్లు 3,600, మొత్తం 4,530 రూపాయలు. అందులో వెయ్యి బడి నిధి నుంచి వచ్చింది, తోటి ఉపాధ్యాయులు 900 వేసుకున్నారు, మిగిలిన 2,630 నావి. ప్రయాణం తీసేస్తే ఎవరైనా వెయ్యి లోపు చేయగలరు, లామినేషన్ జోలికి పోకుంటే ఇంకా తక్కువ.

ఏప్రిల్‌లో జరిగిన ఎస్‌ఏ-2 (వార్షిక) సాంఘిక శాస్త్రం ప్రశ్నపత్రంలో మోటుపల్లి మీద ఒక్క ప్రశ్నా రాలేదు. తరగతి మార్కులు నిరుటికన్నా కొద్దిగా మెరుగు, గొప్పగా చెప్పుకునేంత కాదు. సి రహస్యం చెప్పిన పిల్లవాడు పాసయ్యాడు. ఎంపికలు లేని ప్రశ్నల్లో రెండింటికి సొంత వాక్యాలు రాశాడు, అక్షరదోషాలతో సహా వాటిని నేను ఫోటో తీసి దాచుకున్నాను.

పరీక్షలైపోయి వేసవి సెలవులకు ఇంకా రెండు మూడు రోజులుండగా, ఏప్రిల్ 21న ఒంటిపూట బడిలో, పిల్లలు మళ్ళీ ఓడల ఆట ఆడతామన్నారు. ముందు రోజు పిక్కల డబ్బా తెరిచి చూస్తే సగానికి పైగా పురుగు పట్టి ఉన్నాయి. ఏరి పారేసి, ఇంకోసారి పట్టకుండా ఉండాలని మిగిలినవాటిని మూకుడులో దోరగా వేయించి తీసుకెళ్ళాను. మూడో ప్రయాణం అయ్యేసరికి ఖజానాలో ఉండవలసిన పద్దెనిమిది పిక్కల్లో ఏడే ఉన్నాయి. నలుగురు సుంకరులూ దవడలు కదపకుండా, కళ్ళు మాత్రం పైకప్పు వైపు పెట్టి కూర్చున్నారు. వర్తకుల నుంచి ఫిర్యాదు వచ్చింది. రాజు లేచి, సుంకరులు తినేదాన్ని ఏ లెక్కలో రాయాలో శాసనంలో ఉందేమో చూడమని నన్ను అడిగాడు.